‘కల వచ్చింది’ అంటే ఒప్పుకుంటామా?

(విజయనగరంలో నవలా పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్ రాసిన ‘వెజిటేరియన్’ నవల గురించి మాట్లాడమన్నారు. మీలో కొందరు పూర్తిగా చదివారు, కొందరు మధ్యలో ఆపేశారు, మిగతావాళ్లు ‘అదోరకం పుస్తకమట’ అని విని వచ్చారు. ఆపేసినవాళ్లు మొహమాటపడక్కర్లేదు. ఏ పేజీ దగ్గర ఆపారో గుర్తుంటే అది చెప్పండి, మనకి బాగా పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. ఈ నవలలో భర్త భార్యని బలవంతం చేసే ఘట్టం ఉంది. తండ్రి పెళ్లయిన కూతురి మీద చెయ్యి చేసుకుంటాడు. ఒకామె తన మణికట్టు కోసుకుంటుంది, తర్వాత ఆసుపత్రిలో తిండి మానేస్తుంది. ఈ పుస్తకాన్ని ఎవరి చేతిలో పెట్టినా ఇవన్నీ ముందే చెప్పి ఇవ్వండి. ‘చెప్పేస్తే ఇంకేం మజా’ అంటారు కొందరు. తర్వాతేం జరుగుతుందో అన్న ఉత్కంఠ మీద నడిచే కథ కాదిది, చెప్పినంత మాత్రాన పోయేదేమీ లేదు. ఇంట్లో ఈమధ్యే అలాంటి కష్టం జరిగినవాళ్లు గుంపులో ఉండొచ్చు. చదవాలా వద్దా అన్నది వాళ్లకి వదిలెయ్యాలి. చదివాక మనసు బాగోలేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, దాన్ని బోర్డు మీద రాసి పెట్టండి.

ఇక పుస్తకం సంగతి. కొరియాలో 2007లో వచ్చింది. మూడు భాగాలు. అవి అంతకుముందే పత్రికల్లో విడివిడిగా వచ్చాయి. రెండో భాగానికి 2005లో యీ సాంగ్ సాహిత్య పురస్కారం కూడా దక్కింది. డెబొరా స్మిత్ ఇంగ్లీషు అనువాదం 2015లో వచ్చింది, మరుసటి ఏడాది దానికి మాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఆ 50 వేల పౌండ్లని రచయిత్రి, అనువాదకురాలు చెరిసగం పంచుకున్నారు. 2024లో హాన్ కాంగ్‌కి నోబెల్ వచ్చింది. మొత్తం రెండు వందల పేజీలు లేదు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. మొదటి ప్రమాదం అక్కడే. ఒక్క ఊపులో చదివితే మూడు భాగాలూ కలిసిపోయి, చివరికి ‘పాపం, ఆవిడకి పిచ్చెక్కింది’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. భాగానికీ భాగానికీ మధ్య కనీసం రెండు రోజులు ఎడం ఇవ్వండి.

కథ చెప్పేస్తాను. సోల్‌లో ఒక మామూలు ఉద్యోగి. అతని భార్య యోంగ్ హే. ఆమెలో ప్రత్యేకంగా నచ్చేదీ లేదు, వంక పెట్టేదీ లేదు, అందుకే చేసుకున్నానని మొదట్లోనే చెప్పేస్తాడు. తనకి ఇబ్బంది లేని మనిషి కావాలి, దొరికింది. ఒక రాత్రి చూస్తే ఆమె చీకట్లో, చెప్పుల్లేకుండా, ఫ్రిజ్ ముందు నిలబడి ఉంటుంది. పిలిస్తే పలకదు. తెల్లారేసరికి వంటింటి నేలంతా ప్లాస్టిక్ సంచులు, పొట్లాలు. గొడ్డుమాంసం, పందిమాంసం, కోళ్లు, సముద్రపు పాముచేప, అన్నీ ఒక్కొక్కటే తీసి చెత్త సంచిలో వేస్తోంది. ఇతనికి ఆఫీసుకి టైమైపోతోంది. మతి పోయిందా అని అరుస్తాడు. ఆమె చెప్పే జవాబు ఒక్కటే, కల వచ్చిందని.

ఈ ఘట్టం మన దగ్గర ఎవరికైనా చదివి వినిపించండి. పెద్దగా అదరరు. ‘మాంసం మానేసిందా? మంచిదే కదా’ అంటారు. కొరియాలో చదివినవాడికి తగిలిన దెబ్బ ఇక్కడ తగలదు. ఎందుకంటే మన దగ్గర మాంసం మానడం తప్పు కాదు, పుణ్యం. కార్తీకమాసం వస్తే ఎన్ని ఇళ్లలో నీసు ముట్టరు? అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఇల్లంతా మారిపోతుంది, పొయ్యి దగ్గర గిన్నెలతో సహా. దానికి తోడు శాకాహారం ఇక్కడ కులంతో ముడిపడిన మాట. కొందరికి అది పుట్టుకతో వచ్చిన అలవాటు, కొందరికి ఎదుటివాళ్లని తక్కువ చేయడానికి దొరికిన కొలబద్ద. అందుకే ఈ నవల మీద చర్చ పెడితే మొదటి అరగంట ‘ఎవరు ఏం తినాలి’ అన్న గొడవకే పోతుంది. దాన్ని ముందే రెండు నిమిషాల్లో తేల్చెయ్యాలి. అక్కడ ఆఫీసు విందంటే ఒకే బల్ల, మధ్యలో పొయ్యి, అందరూ కలిసి కాల్చుకుని తింటారు. తినని మనిషి గుంపులోంచి బయటికి పోయినట్టు లెక్క. ఈ సంగతి చెప్పి ఊరుకోండి.

మనకి తగలాలంటే ఘట్టాన్ని మన ఇంట్లోకి తెచ్చుకోవాలి. మన ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఉత్సవం అయిన మర్నాడనుకోండి. దానికి ముందు రోజు తొలేళ్లకి వచ్చిన చుట్టాలు ఇంకా కదల్లేదు. పెరట్లో మాంసం కడిగి గిన్నెలో పెట్టారు, మసాలా నూరుతున్నారు. కోడలు వచ్చి ఆ గిన్నె ఎత్తి బయట పారబోసింది. ఇల్లంతా చేరారు.

‘మొక్కేటైనా ఉందా అమ్మా?’

‘లేదు.’

‘ఒంట్లో బాగోలేదా?’

‘బాగానే ఉంది.’

‘మరేటి?’

‘కల వచ్చింది.’

ఇప్పుడు ఏమవుతుంది? ఎవరు ముందు నవ్వుతారు, ఎవరు పుట్టింటికి ఫోను చేస్తారు, ఎవరు తాయెత్తు మాటెత్తుతారు? మీరే చెప్పగలరు.

నేను ఈ నవలలో చూసింది ఇదే. మన ఇళ్లలో ‘వద్దు’ అనే హక్కు లేకపోలేదు. దేవుడు వద్దన్నాడంటే వింటాం, డాక్టరు వద్దన్నాడంటే వింటాం, మొక్కు అంటే వింటాం, మైల అంటే వింటాం. ఎవరో ఒకరు పైనుంచి సంతకం పెట్టిన ‘వద్దు’ చెల్లుతుంది. ‘నాకొద్దు’ అని ఊరుకుంటే చెల్లదు. యోంగ్ హే చేసే నేరం మాంసం మానడం కాదు, కారణం చూపించకపోవడం. మన గుండె కలుక్కుమనేది అందుకే. ఆ కారణం ఇంట్లోవాళ్లకే కాదు, రచయిత్రి మనకి కూడా ఇవ్వదు. పుస్తకం మూసేదాకా మనం కూడా ఆ ఇంట్లోవాళ్లలాగే ‘ఎందుకమ్మా, ఎందుకు’ అని వెంటపడుతూ ఉంటాం.

దీన్ని ఎలా కట్టిందో చూడండి. మొదటి భాగం భర్త చెబుతాడు, ‘నేను’ అంటూ. రెండో భాగం బావ వైపునుంచి, మూడో భాగం అక్క ఇన్ హే వైపునుంచి. కథానాయికకి మాత్రం ఒక్క భాగం కూడా లేదు. మొదటి భాగంలో అక్కడక్కడ వాలు అక్షరాల్లో కొన్ని పేరాలు వస్తాయి. అవి ఆమె కలలు, ఆమె గొంతు. నెత్తురు, కొట్టంలో వేలాడే మాంసం, గుర్తుపట్టలేని ముఖం. చాలామంది పాఠకులు ఈ పేరాలని దాటేసి కథలోకి పోతారు. దానికి విరుగుడు ఒకటుంది. సమావేశం మొదట్లోనే ఆ పేరాలని మాత్రం వరసగా, ఒకరే పైకి చదవాలి. ఎక్కువసేపు పట్టదు. ఆ తర్వాత భర్త చెప్పేది వింటే, అతనికి ఏం తెలియదో మనకి తెలుస్తూ ఉంటుంది.

అందులో ఒక పేరా దగ్గర ఆగాలి. తొమ్మిదేళ్ల వయసులో ఆమెని కుక్క కరుస్తుంది. తండ్రి దాన్ని మోటారుసైకిలుకి కట్టి, చచ్చేదాకా ఈడుస్తాడు. ఆ రాత్రి ఆ మాంసం వండుతారు. ఈ పిల్ల కూడా తింటుంది. ఇక్కడికి రాగానే గదిలో ఊపిరి పీల్చుకున్నట్టవుతుంది. ‘ఆ, అదీ సంగతి! చిన్నప్పటి భయం’ అంటారు. కారణం దొరికిపోయింది. కానీ ఆ పేరా చివరి వాక్యాలు చదవండి. తనకి ఏమీ అనిపించలేదనే ఆమె చెబుతుంది. దాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే మాట, ఆమె మాత్రం మన కారణాన్ని మనకే తిప్పి ఇచ్చేసింది. మొదటి భాగం చివర్లో ఇంకో దెబ్బ ఉంది. ఆసుపత్రి తోటలో ఆమె గుప్పిట్లో నలిగిన చిన్న పిట్ట, దాని మీద పళ్లగాట్లు. అహింస, జీవకారుణ్యం అని అప్పటిదాకా అతికించుకున్న చీటీ కూడా ఊడిపోతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. అక్క కొత్త ఇంట్లో అందరూ భోజనానికి చేరతారు. తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. కూతురు తిననంటుంది. చెంప మీద కొడతాడు. కొడుకునీ అల్లుణ్ణీ ఆమె చేతులు పట్టుకోమని, పందిమాంసం ముక్క నోట్లో కుక్కుతాడు. ఆమె ఉమ్మేసి, పండ్లు కోసే కత్తి తీసుకుంటుంది.

ఈ ఘట్టాన్ని చర్చకి పెడితే తప్పు ఎవరిదని అడక్కండి. అడిగారంటే అది తగువు తీర్చే సభ అయిపోతుంది. తండ్రిని తిట్టి అందరూ శుభ్రంగా ఇంటికి పోతారు. దానికి బదులు ఒక కాగితం మీద బల్ల బొమ్మ గియ్యండి. ఎవరెక్కడ ఉన్నారు, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి రాయండి. కొట్టింది ఒక్కడు, పట్టుకున్నది తమ్ముడు, బతిమాలింది తల్లి, ఆపబోయింది అక్క, చూస్తున్నది బావ. ‘ఈ బల్ల దగ్గర మీ కుర్చీ ఏది?’ అని అడగండి. పైకి చెప్పించొద్దు, కాగితం మీదే రాసుకోమనండి. పైకి చెప్పమంటే అందరూ అక్క కుర్చీయే ఎంచుకుంటారు.

ఆ బల్ల దగ్గర రాక్షసులెవరూ లేరు. తల్లిని చూడండి. తర్వాత ఆసుపత్రిలో కూతురికి నల్లమేక కషాయం తెస్తుంది, ఆయుర్వేదం మందు లాంటిదేదో అని అబద్ధం చెప్పి పట్టిస్తుంది. కూతురు వాసన పసిగట్టి కక్కేస్తుంది. ‘సూపులో కలిపి ఇచ్చెయ్, దానికేం తెలుస్తుంది’ అనే మాట మన ఇళ్లలో ఎవరూ అననిదా? ప్రేమతోనే అంటారు. నాకైతే తండ్రి దెబ్బకన్నా ఈ కషాయం గ్లాసే ఎక్కువ భయం వేసింది. కొట్టినదాన్ని దెబ్బ అని పిలవొచ్చు, దీన్నేమని పిలవాలి?

మన సాహిత్యంలో కట్టు తెంచుకున్నవాళ్లు లేరా అని అడుగుతారు. ఉన్నారు. చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోతుంది. తన కథ తనే చెబుతుంది, గొంతెత్తి, వాదిస్తూ, తనకేం కావాలో పేరు పెట్టి. అందుకే ఇన్నేళ్లుగా మనం ఆమెతో పోట్లాడగలుగుతున్నాం. తిట్టినా మెచ్చుకున్నా అవతల ఒక మనిషి ఉంది. యోంగ్ హేతో పోట్లాడదామంటే అవతల గొంతే లేదు.

ఇంకొకటి మన జిల్లాల కథ. కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’. నవల కాదు, పెద్దకథ. శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ ఆయన కట్టిందే. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు తగువు పెద్దమనుషుల ముందుకొస్తుంది. పేజీల తరబడి న్యాయం, ధర్మం, మాట నిలబెట్టుకోవడం మీద వాదన నడుస్తుంది. ఎవరి మాట వాళ్లకి సబబుగానే ఉంటుంది. చివర్లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసివాణ్ణే నరుకుతాడు. ఆ ముగింపు మీద దశాబ్దాలుగా వాదులాడుతున్నాం. అది వెజిటేరియన్‌కన్నా ఎంతో ఘోరమైన పని. అయినా చదివినవాడికి ఒక్క ఆసరా ఉంది, ఎందుకు చేశాడో తెలుసు. బిడ్డ అప్పుకింద పాలేరు కాకూడదు. కారణం తెలిసిన ఘోరాన్ని మోయగలం. యోంగ్ హే ఎవరికీ హాని చెయ్యదు, చేసేదంతా తన ఒంటికే, అయినా మొయ్యలేం. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒకే వారం చదవండి, నవల పనితనం తేటగా కనిపిస్తుంది.

చర్చ పాడైపోయే దారులు నాకు తెలిసినంతలో మూడు.

మొదటిది ‘పిచ్చి’ అన్న మాట. అది పడిందంటే ఇక మాట్లాడడానికేం ఉండదు, బంతి డాక్టరు చేతికి పోతుంది. మూడో భాగంలో నిజంగానే మానసిక ఆసుపత్రి ఉంది, డాక్టర్లు ఉన్నారు, ముక్కులోంచి గొట్టం వేసే ప్రయత్నం ఉంది. ఆమెకి జబ్బు లేదని నేననను. జబ్బు పేరు చెప్పినంత మాత్రాన మొదటి భాగంలోని బల్ల మాయమైపోదు, అంతే. రెండోది దీనికి తిరగేసిన దారి, ఆమెని వీరనారిని చెయ్యడం. ‘పితృస్వామ్యాన్ని ఎదిరించింది’ అని చప్పట్లు. ఆమె ఎదిరించలేదు, తప్పుకుంది. చెట్టు కావాలనుకుంటుంది, తలకిందులుగా నిలబడి చేతులు వేళ్లవుతున్నాయనుకుంటుంది. అన్నం బదులు నీళ్లు చాలంటుంది. దాన్ని జెండా చేస్తే ఒక ఎండిపోతున్న మనిషిని చూడకుండా తప్పించుకున్నట్టే.

మూడోది ‘ఒక్కరైనా ప్రేమగా చూసుంటే’ అన్న మాట. ఇది మంచివాళ్లు పడే గుంట. ఇలా అనేవాళ్లకి రెండో భాగం జవాబు. బావ వీడియోలు తీసే కళాకారుడు. ఆమెని తినమని బలవంతం చెయ్యడు. ఒంటి మీద పూలు గీస్తాడు. ఆ పూలున్నంతసేపూ ఆమెకి కలలు రావు. మనకి కూడా హాయిగా ఉంటుంది, ఒక్కడైనా అర్థం చేసుకున్నాడని. కాసేపటికి తెలుస్తుంది, అతనికి కావలసింది తన బొమ్మకి ఒక ఒళ్లు అని. భర్తకి అన్నం వండే ఒళ్లు, తండ్రికి మాట వినే ఒళ్లు, ఇతనికి పూలు గీసే ఒళ్లు. రెండో భాగం అశ్లీలమని ఆపేసినవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించకండి. ఆపే ముందు ఆ పూలు నచ్చాయా లేదా అని మాత్రం అడగండి.

సమావేశం ఎలా పెట్టాలో కూడా చెబుతాను, మీలో ఇద్దరు ముగ్గురు వేరే ఊళ్లలో పెడదామంటున్నారు కదా. పది పన్నెండు మంది మించొద్దు. మించితే మాటకారులు నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. మూడు భాగాలకి మూడు సమావేశాలు, ఒక్కోటి గంటన్నర. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఒక పని చెయ్యాలి. ఫ్రిజ్ ఘట్టాన్ని యోంగ్ హే వైపునుంచి పది వాక్యాల్లో రాయాలి. రాసినవి చదువుతున్నప్పుడు ‘ఎందుకంటే’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో ఒకరు గీతలు పెట్టుకోవాలి. ఆమె నోట్లో మనం ఎన్ని కారణాలు కుక్కామో ఆ గీతలే చెబుతాయి. తర్వాత ‘ఎందుకంటే’ లేకుండా మళ్లీ రాయమనండి. రెండోసారి చాలామందికి కలం కదలదు. కదలకపోయినా ఫర్వాలేదు, అక్కడినుంచే మాట్లాడుకోవచ్చు.

అత్తాకోడళ్లు ఒకే సమావేశానికి వస్తే పక్కపక్కన కూర్చోబెట్టకండి. (నవ్వులు) నవ్వుతున్నారు గాని, ఎదురుగా కూర్చోబెడితే ఇంకా ప్రమాదం.

ఇంటర్మీడియెట్ చదివే అమ్మాయికి ఇవ్వొచ్చా అని వెనకనుంచి చీటీ వచ్చింది. తిండి మానేసి సన్నబడాలని చూసే పిల్ల అయితే ఇప్పుడు ఇవ్వకండి. మూడో భాగంలో తిండి మానడం ఆ పిల్లకి అందంగా కనిపించే ప్రమాదం ఉంది. మిగతా పిల్లలకైతే మీరు ముందు చదివి, తర్వాత ఇవ్వండి, పిల్లని ఒంటరిగా వదిలెయ్యకుండా కలిసి మాట్లాడండి.

మూడో భాగం గురించి ఇవాళ తక్కువ చెప్పాను, కావాలనే. నా లెక్కలో నవలకి గుండెకాయ అదే. అక్క ఇన్ హే సౌందర్య సాధనాల కొట్టు నడుపుతుంది, కొడుకుని పెంచుతుంది, అందరి పనులూ చక్కబెడుతుంది, చెల్లెల్ని ఆసుపత్రిలో చూసి వస్తూ ఉంటుంది. మంచి కూతురు, మంచి భార్య, మంచి తల్లి. ఈవిడ మనకి తెలిసిన మనిషి. ప్రతి వీధిలో ఉంటుంది. అలాంటామె, తను ఇన్నాళ్లూ బతకలేదు, ఓర్చుకుంది అంతే అని గ్రహిస్తుంది. తండ్రి దెబ్బలు చిన్నప్పుడు చెల్లికే ఎక్కువ పడ్డాయని, తను మంచిపిల్లగా పనులు చేసుకుంటూ తప్పించుకుందని లెక్క చూసుకుంటుంది. చిన్నతనంలో ఒకసారి ఇద్దరూ కొండ మీద దారి తప్పుతారు. అప్పుడు చెల్లెలు ఇంటికి తిరిగి వెళ్లొద్దంటుంది. ఆ మాట అక్కకి ఇప్పుడు అర్థమవుతుంది.

వచ్చే సమావేశానికి మూడో భాగం చదివి రండి. పెన్సిలు పెట్టుకోండి. ఇన్ హే కొడుకు జీ వూ ఎక్కడెక్కడ వస్తాడో అక్కడ గీత పెట్టండి. వాడికి కూడా ఒక కల వస్తుంది, తల్లి గురించి. ఆ కలని ఇన్ హే ఎలా వింటుందో, చెల్లెలి కలని ఇంట్లోవాళ్లు ఎలా విన్నారో, రెండు పేజీలూ పక్కన పెట్టుకుని చూడండి. చర్చ అక్కడినుంచి మొదలుపెడదాం. పుస్తకం దొరకనివాళ్లు ఇవాళే పేరు ఇవ్వండి. ఉన్న ప్రతులు ఇద్దరికొకటి చొప్పున సరిపెట్టాలి, వారం వారం చేతులు మార్చుకోవాలి.